ఇంగ్లీషు పంతులు ప్రయాణ సన్నాహం

ఆధునిక తెలుగు సాహిత్యంలో ప్రయాణానికి విశిష్టమైన స్థానమున్నది. 1830-31 సంవత్సరాల్లో ఏనుగుల వీరాస్వామయ్య చేసిన కాశీయాత్ర వృత్తాంతం 1838లో గ్రంథరూపం పొందిన నాటి నుండి, ఇల్లు విడిచి బయలుదేరే మనిషి తెలుగు వచనానికి ప్రీతిపాత్రమైన వస్తువయ్యాడు. పుణ్యం కోసం బయలుదేరినవారున్నారు, చదువు కోసం బయలుదేరినవారున్నారు, జీవిక కోసం ఓడ ఎక్కినవారున్నారు. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో వీరి సరసన మరొక యాత్రికుడు చేరాడు. ఇతడు పొందడానికి గాక ఇవ్వడానికి పోతున్నానంటాడు. జీతం ఆశించకుండా, భోజన వసతులతో తృప్తిపడి, పరదేశపు పిల్లలకు ఇంగ్లీషు నేర్పుతానంటాడు. ఈ స్వచ్ఛంద బోధకుని ప్రయాణాన్ని ఏ కొలమానంతో విలువ కట్టాలన్నది సాహిత్య విమర్శకూ, సాంస్కృతిక పాలనకూ సమానంగా సంబంధించిన ప్రశ్న.

ఈ వర్గం యాత్రికులకు వ్యవస్థాపరమైన రూపం వచ్చి ఆరు దశాబ్దాలు దాటింది. బ్రిటన్‌లో 1958లో వాలంటరీ సర్వీస్ ఓవర్సీస్, అమెరికాలో 1961లో పీస్ కోర్ ఏర్పడ్డాయి. ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 1970లో సమితి స్వచ్ఛంద సేవకుల కార్యక్రమానికి ఆమోదం తెలిపింది. నైపుణ్యాన్ని ఇతర దేశాలతో పంచుకొనేందుకు భారత ప్రభుత్వం 1964లో ‘ఐటెక్’ సాంకేతిక సహకార పథకాన్ని ప్రారంభించింది. తర్వాతి కాలంలో ఈ రంగంలో ప్రైవేటు సంస్థలు విస్తరించాయి. సేవ చేయదలచినవారి నుండే రుసుము వసూలు చేసి, రెండు మూడు వారాలకో, రెండు మూడు నెలలకో విదేశపు బడికి పంపే ఏర్పాట్లు నేడు సర్వసాధారణం. నూటయిరవై గంటల శిక్షణతో చేతికి వచ్చే ధ్రువపత్రం చాలాచోట్ల బోధనార్హతగా చెల్లుబాటవుతున్నది. ఆదర్శంగా ఆరంభమైన పని కొంత భాగం వ్యాపారమైనదని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఈ ప్రయాణాన్ని తరచి చూడడానికి కావలసిన ఉపకరణాలు తెలుగువారి వద్ద ఎంతోకాలం నుండి ఉన్నాయి. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’, మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ అనే రెండు రచనలు, గిడుగు రామమూర్తి జీవితకృషి అనే ఒక చారిత్రక వాస్తవం – ఈ మూడింటినీ పక్కపక్కన ఉంచి చూస్తే స్వచ్ఛంద బోధకుని గురించి నేటి చర్చల్లో లోపించిన అంశమొకటి స్పష్టమవుతుంది. బోధకుని యోగ్యత అతడు చేరిన చోట గాక, బయలుదేరక ముందు చేసికొన్న సన్నాహంలోనే చాలవరకు నిర్ణయమవుతుందన్నదే ఆ అంశం.

నందిని నుండి చూచినప్పుడు

ఈ చర్చకు భూమికగా ఛత్తీస్‌గఢ్‌లోని నందినిని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు. దుర్గ్ జిల్లాలో భిలాయికి ఉత్తరాన ఉన్న నందిని, ఉక్కు కర్మాగారానికి సున్నపురాయిని అందించిన గని ప్రాంతం. 1955 ఫిబ్రవరిలో భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి కర్మాగారం రూపుదిద్దుకొన్నది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఇనుపరాయి దల్లీ-రాజహరా నుండి, సున్నపురాయి నందిని నుండి వచ్చినట్లే, మనుషులు దేశం నలుమూలల నుండి వచ్చారు. వారిలో తెలుగువారు, ప్రత్యేకించి ఉత్తరాంధ్ర జిల్లాలవారు, చెప్పుకోదగిన సంఖ్యలో ఉన్నారు. 1930ల తొలి సంవత్సరాల్లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలుమార్గం ఈ వలసకు దారి సుగమం చేసింది.

భాషాపరంగా ఈ నేల చెప్పే చరిత్ర విలువైనది. కర్మాగార నిర్మాణకాలంలో సోవియట్ నిపుణులు ఇక్కడ పనిచేశారు. వారి రష్యన్‌కూ ఇక్కడి ఇంజనీర్ల ఇంగ్లీషుకూ, ఆ ఇంగ్లీషుకూ కార్మికుల హిందీ, ఛత్తీస్‌గఢీ, తెలుగు, ఒడియా మాటలకూ నడుమ దుభాషీలు నిలిచారు. పరదేశం నుండి నేర్పడానికి వచ్చినవారు తమ మాట ఎదుటివానికి చేరుతున్నదో లేదో క్షణక్షణం సరిచూసుకోవలసి వచ్చింది. కరిగిన ఇనుము ముందు నిలిచినవానికి మాట తప్పుగా అర్థమైతే దాని ఫలితం పరీక్షలో తగ్గే మార్కులతో పోదు. బోధనలో భాషకు ఎంత బాధ్యత ఉన్నదో ఇటువంటి చోట తెలిసినంతగా తరగతి గదిలో తెలియదు.

ఇటువంటి ప్రాంతంలో పుట్టి పెరిగిన ఒక తెలుగు యువతి విదేశంలో ఇంగ్లీషు బోధించేందుకు స్వచ్ఛంద సేవకురాలిగా బయలుదేరుతున్నదనుకొందాం. ఆమె ఇంట తెలుగు మాటలాడుతుంది, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ వింటుంది, బడిలో ఇంగ్లీషు చదువుకొంటుంది. వలస కుటుంబాల మూడవ తరంలో తరచుగా కనిపించే విధంగా తెలుగు అక్షరాలు ఆమెకు రాకపోవచ్చు. దరఖాస్తు పత్రం ఆమె ఇంగ్లీషు పరిజ్ఞానాన్ని గురించి అడుగుతుంది. తక్కిన మూడు భాషల మధ్య ఆమె గడిపిన జీవితాన్ని గురించి సాధారణంగా అడగదు. ఆమెకున్న ఆస్తిలో ఎక్కువ భాగం ఆ అడగని గడిలోనే ఉన్నది.

గిరీశం ప్రయాణం

తెలుగు నాటకరంగంపై ఇంగ్లీషు నేర్పడానికి బయలుదేరిన తొలి ప్రసిద్ధ పాత్ర గిరీశమే. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా పునర్లిఖితమైన ‘కన్యాశుల్కం’ అతని ప్రయాణ సన్నాహంతోనే ప్రారంభమవుతుంది. విజయనగరంలో అతనికి నిలువనీడ కరవైంది. పూటకూళ్ళమ్మ సొమ్ము వాడుకొన్నాడు, ఇతరులకు బాకీపడ్డాడు, మధురవాణి ఇంట అతని పరపతి ముగిసింది. సరిగా అదే సమయంలో పరీక్ష తప్పిన వెంకటేశం తండ్రికి భయపడుతున్నాడు. సెలవుల్లో శిష్యునికి చదువు చెప్పే గురువుగా కృష్ణారాయపురం అగ్రహారానికి పోవడమనే ఉపాయం గిరీశానికి ఆ క్షణంలో తోచింది.

గురజాడ ఇక్కడ చూపిన సూక్ష్మదృష్టిని విమర్శకులు హాస్యం మాటున కొంత ఉపేక్షించారు. గిరీశం జీతం అడగడు. ఉచితంగా చదువు చెప్పే ఉపకారిగానే అగ్రహారంలో అడుగుపెడతాడు. అడగకుండా వచ్చిన ఉపకారం గనుక అతని అర్హతను పరీక్షించే అవకాశం ఆ ఇంటివారికి ఉండదు. అతడు శిష్యునిచేత కొనిపించదలచిన పుస్తకాల జాబితా ప్రహసనప్రాయం. శిష్యుడే ఒకచోట, ఈ గురువు వద్ద తాను చుట్ట కాల్చడం తప్ప మరేమీ నేర్వలేదన్న అర్థంలో మాటలాడతాడు. బోధన ఫలితాన్ని గూర్చి ఆ నాటకంలో వినిపించే నిజాయితీగల నివేదిక అదొక్కటే.

అంతకన్న మార్మికమైనది వెంకమ్మ ఎదుట జరిగే సన్నివేశం. కొడుకు ఇంగ్లీషులో మాటలాడితే వినాలని ఆ తల్లికి ముచ్చట. గురుశిష్యులు కలిసి పొంతనలేని ఇంగ్లీషు మాటలను ఒప్పజెబుతారు. ఆమె మురిసిపోతుంది. ప్రేక్షకులు నవ్వుతారు. ఈ నవ్వు వెంకమ్మ అజ్ఞానంపై అనుకుంటే నాటకాన్ని పొరబాటుగా చదివినట్లే. చదువు వృథా ఖర్చు అని అగ్నిహోత్రావధాన్లు చిందులు తొక్కుతుంటే కొడుకు చదువు పక్షాన నిలిచినది వెంకమ్మ. ఆమె కోరికలో తప్పేమీ లేదు. ఆ కోరికను ఆసరాగా చేసికొని శబ్దాన్ని చదువుగా అమ్మినవానిది తప్పు. విదేశపు బడిలో నాలుగు వారాలుండి, పిల్లలచేత ఇంగ్లీషు పాటలు పాడించి, తల్లిదండ్రుల చప్పట్లు అందుకొని తిరిగివచ్చే బోధకుడు ఎంత సజ్జనుడైనా, ఆ సాయంకాలం వెంకమ్మ ముంగిట నిలిచినవాడే అవుతాడు.

గురజాడ ఇంగ్లీషుకు వ్యతిరేకి కాడు. తానే ఇంగ్లీషు చదువు ఫలం. నాటకంలో నీతికి నిలబడిన వకీలు సౌజన్యారావు పంతులూ ఆ చదువు నుండి వచ్చినవాడే. ఒకే భాష ఒకని చేతిలో న్యాయానికి, మరొకని చేతిలో మోసానికి ఉపకరించిందంటే విచారించవలసినది భాషను గాదు, దానిని మోసుకొనిపోయే మనిషి ఉద్దేశ్యాన్ని. గిరీశం ఉద్దేశ్యం విజయనగరం నుండి పారిపోవడం. అగ్రహారానికి కావలసినదేమిటో తెలుసుకోవాలన్న ఆలోచన అతనికి ఏ దశలోనూ కలగదు. ఇల్లు, ఉద్యోగం, విసుగు, నిరాశ – వీటి నుండి తప్పించుకొనేందుకు దూరదేశపు బడిని ఎన్నుకొనే ప్రతి స్వచ్ఛంద సేవకునిలోనూ ఈ అంశ కొద్దిగానైనా ఉండకపోదు. దానిని గుర్తించడమే వివేకం.

పార్వతీశం టోపీ

గిరీశానికి ఎదురుగా నిలిపి చూడదగినవాడు మొక్కపాటివారి పార్వతీశం. 1924లో మొదటి భాగం వెలువడిన ఈ నవలలో మొగల్తూరు యువకుడు బారిష్టరు చదువుకై ఎడింబరోకు బయలుదేరుతాడు. ఇతడు నేర్పేవాడు కాడు, నేర్చుకొనేవాడు. అయినా స్వచ్ఛంద బోధకుని చర్చలో ఇతని ప్రసక్తి అవసరం. ఎందుకంటే, తెలియని చోటికి పోయే మనిషికి ఎదురయ్యే అవమానాలను ఇంత సమగ్రంగా, ఇంత నిష్కల్మషంగా చిత్రించిన తెలుగు రచన మరొకటి అరుదు.

పార్వతీశం సామాను చూస్తే అతని ప్రపంచజ్ఞానం తెలిసిపోతుంది. ఇంటి అలవాట్లన్నిటినీ మూటగట్టుకొని పరదేశం పోజూస్తాడు. దొరల దేశానికి తగిన వేషం కావాలని మద్రాసులో అతడు కొన్న టోపీ ఆడవారిదని తేలడం తెలుగు పాఠకులు మరువలేని ఘట్టం. రచనాశిల్పం దృష్ట్యా ముఖ్యమైన విషయం, ఈ కథను పార్వతీశమే చెప్పడం. తన తెలివితక్కువతనాన్ని చూసి లోకం నవ్విందని అతడు దాచుకోడు. పాఠకునికంటె ముందుగా తానే నవ్వుతాడు. గిరీశానికి తెలియనిది ఏదీ లేదు గనుక అతడు మొదటి అంకంలో ఎలా ఉన్నాడో చివరి అంకంలోనూ అలాగే ఉంటాడు. పార్వతీశానికి తెలిసినది ఏదీ లేదు గనుక ప్రతి రేవులోనూ, ప్రతి వీధిలోనూ ఎంతోకొంత మారతాడు.

భాష నేర్పే పనికి ఈ రెండవ స్వభావం అత్యవసరం. కొత్త భాషలో నోరు విప్పిన విద్యార్థి అనుక్షణం నవ్వులపాలు కావడానికి సిద్ధపడి ఉంటాడు. తాను ఎన్నడూ ఆ స్థితిలో నిలబడని బోధకునికి విద్యార్థి మౌనం మందబుద్ధిగా కనిపిస్తుంది. ఆ ఊరి భాషలో ఉప్పు అడగబోయి మరేదో అడిగి, దుకాణదారు నవ్వితే తానూ నవ్విన బోధకుడు మర్నాడు తరగతిలో తప్పు పలికిన పిల్లవాణ్ణి మరొక దృష్టితో చూస్తాడు. పార్వతీశం టోపీ ఆ విధంగా బోధనశాస్త్ర పాఠమే. అయితే వినయం ఒక్కటే చాలదు. పార్వతీశం వద్ద నేర్చుకొనే స్వభావమున్నది, ముందస్తు శ్రమ లేదు. ఆ శ్రమకు నిదర్శనం కోసం కల్పన నుండి చరిత్రకు రావలసి ఉన్నది.

గిడుగువారి మార్గం

1863లో శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. పొరుగున కొండల్లో నివసించే సవరలకు చదువు లేదని ఆయన గ్రహించారు. ఆ కాలపు సహజ ధోరణి తెలుగునో ఇంగ్లీషునో వారికి నేర్పబూనడం. ఆయన చేసినది అందుకు భిన్నం. సవర, తెలుగు రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట పెట్టుకొని ముందుగా తాను సవర నేర్చుకొన్నారు. అప్పటికి లిపిబద్ధం కాని ఆ భాషను వ్రాతలో పెట్టేందుకు కృషిచేశారు. సవరలో వాచకాలు వ్రాసి, సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, వారి భాషలోనే వారికి చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపితే దానిని స్వీకరించక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టవలసిందిగా కోరారు. దశాబ్దాల శ్రమ ఫలంగా 1931లో సవర భాషపై ఆయన వ్రాసిన ఇంగ్లీషు గ్రంథం వెలువడింది.

స్వచ్ఛంద బోధన అనే మాటకు తెలుగు నేలపై ఇంతకుమించిన నిర్వచనం దొరకదు. ఇందులో మూడు దశలున్నాయి. బోధకుడు మొదట శిష్యుల భాషకు తానే శిష్యుడయ్యాడు. తర్వాత, తనపై ఆధారపడని విధంగా వాచకాలనూ ఉపాధ్యాయులనూ తయారుచేశాడు. చివరికి, వచ్చిన ప్రతిఫలాన్ని ఆ పనికే మళ్ళించాడు. గిరీశం అగ్రహారానికి ఒక్కడుగా పోయాడు, వచ్చేటప్పుడు ఆ ఇంటి ప్రతిష్ఠను భంగపరచి బుచ్చమ్మను వెంటబెట్టుకొచ్చాడు. గిడుగువారు కొండలకు పోయినప్పుడు అక్కడ అక్షరాన్ని వదలివచ్చారు.

ఇక్కడ చరిత్ర విద్యార్థులు గమనించదగిన మరొక విశేషమున్నది. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారు జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయునికి, తెలుగువారు మాటలాడే భాష వేరు, బడిలో చదివే భాష వేరు కావడం వింతగా తోచింది. ఆయన వేసిన ప్రశ్న గిడుగు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగార్ల ఆలోచనలకు తోడయింది. సజీవ భాషల బోధనపై పాశ్చాత్య భాషావేత్తల రచనలను గిడుగువారు శ్రద్ధగా అధ్యయనం చేశారు. ఈ మథనం నుండి వ్యావహారిక భాషోద్యమం బలం పుంజుకొన్నది. విదేశం నుండి వచ్చిన విద్యాధికారి సమాధానం చెప్పకుండా ప్రశ్న వేయడం వల్ల ఒక జాతి తన భాషను తాను తిరిగి కనుగొన్నది. పరాయివాని రాకతో కలుగగల మేలు ఎటువంటిదో దీనివల్ల తెలుస్తుంది.

ప్రపంచ చర్చలో తెలుగు అనుభవం

ఇటువంటి ఆలోచనలు ఇతర దేశాల్లోనూ వ్యక్తమయ్యాయి. 1968 ఏప్రిల్‌లో మెక్సికోలోని క్యుర్నవాకాలో అమెరికన్ విద్యార్థి సేవకులను ఉద్దేశించి మాటలాడిన ఇవాన్ ఇలిచ్, సదుద్దేశం ఒక్కటే అర్హత కాజాలదని పరుషంగా హెచ్చరించాడు. చూడడానికి, చదువుకోవడానికి రమ్మన్నాడు గాని సాయం చేయడానికి రావద్దన్నాడు. 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ తన ‘లింగ్విస్టిక్ ఇంపీరియలిజం’ గ్రంథంలో ఇంగ్లీషు బోధనను అల్లుకొన్న భ్రమలను విశ్లేషించాడు. ఇంగ్లీషును ఇంగ్లీషులోనే నేర్పాలన్నది, పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాడే ఉత్తమ బోధకుడన్నది వాటిలో ముఖ్యమైనవి. అంతకు ముందే, 1985 ప్రాంతంలో, కాశ్మీర్‌కు చెందిన భాషావేత్త బ్రజ్ కచ్రూ ఇంగ్లీషు లోకాన్ని మూడు వలయాలుగా విభజించి, భారతదేశం వంటి దేశాల ఇంగ్లీషుకు స్వతంత్ర ప్రతిపత్తి ఉన్నదని నిరూపించాడు.

ఇలిచ్ మాటను యథాతథంగా స్వీకరించనవసరం లేదు. సాయమే వద్దన్నచో గిడుగువారిని కూడా కొండ ఎక్కవద్దనవలసి వస్తుంది. కాని ఫిలిప్సన్, కచ్రూల వాదాలు నందిని యువతి విషయంలో ప్రత్యక్షంగా వర్తిస్తాయి. దక్షిణ కొరియా భాషాబోధకుల వీసా ప్రధానంగా ఇంగ్లీషు మాతృభాషగా ఎంచబడే ఏడు దేశాల పౌరులను దృష్టిలో ఉంచుకొన్నది. ఆ ఏడింటిలో భారతదేశం లేదు. వాస్తవానికి ఇంగ్లీషును రెండవ భాషగా కష్టపడి నేర్చినవారికి ఆ దారిలోని ఎత్తుపల్లాలు తెలుసు. క్రియ వాక్యం చివర రావడానికి అలవాటుపడిన నాలుకకు ఇంగ్లీషు వాక్యం ఎక్కడ తడబాటు కలిగిస్తుందో తెలుగు ఇంట పెరిగిన బోధకురాలు అనుభవంతో చెప్పగలదు. కొరియా భాషలోనూ, జపాను భాషలోనూ క్రియ వాక్యాంతంలోనే వస్తుంది. ఈ సామ్యాన్ని ఉపయోగించుకోవాలంటే ఆమెకు తన తెలుగుపై స్పృహ ఉండాలి. మాతృభాషను గూర్చిన ఎరుక ఇంగ్లీషు బోధనకు అడ్డంకి కాదు, పనిముట్టు.

భారతదేశానికి ఈ రంగంలో అనుభవం కొత్తది కాదు. 20వ శతాబ్ది మధ్యకాలంలో ఇథియోపియా పాఠశాలల్లో భారతీయ ఉపాధ్యాయులు పెద్దసంఖ్యలో పనిచేశారు. 1979-84 మధ్య ఎన్.ఎస్. ప్రభు నేతృత్వంలో దక్షిణాదిలో సాగిన ‘బెంగళూరు ప్రాజెక్టు’, వ్యాకరణ సూత్రాలను వల్లింపజేయకుండా ఆలోచింపజేసే పనుల ద్వారా ఇంగ్లీషు నేర్పవచ్చునని సాధారణ ప్రభుత్వ బడులలోనే పరీక్షించి చూపింది. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా ఆరంభమై, 1972లో విదేశీ భాషలను కలుపుకొని విస్తరించి, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా రూపొందిన సంస్థ, కంబోడియా, లావోస్, మయన్మార్, వియత్నాం దేశాల్లో భారత ప్రభుత్వం తలపెట్టిన ఇంగ్లీషు శిక్షణ కేంద్రాల స్థాపనలో పాలుపంచుకొన్నది. వీరు వేతనంపై పోయినవారే గాని స్వచ్ఛంద సేవకులు కారు. అయినా ఆ ఏర్పాటులోని ఒక సూత్రం స్వచ్ఛంద సేవకు ఆదర్శప్రాయం. పరదేశంలో నిలిచి ఉండే కేంద్రాన్ని ఏర్పరచడం, అక్కడివారు దానిని నడుపుకొనేటట్లు చేయడం ఆ సూత్రం. బోధకుడు తిరిగివచ్చిన తర్వాత కూడా అక్కడ పాఠం ఆగకూడదు.

ఆక్షేపణలు, సమాధానాలు

ఈ వాదానికి రెండు ఆక్షేపణలు రావచ్చు. సేవాభావంతో బయలుదేరే నేటి యువతను గిరీశంతో పోల్చడం అన్యాయమని మొదటిది. గిరీశం వంచకుడు, వీరు నిష్కపటులు అని ఆక్షేపకులనవచ్చు. నిజమే. కాని శిష్యుని పక్షం నుండి చూస్తే వంచకుని వల్ల పోయిన సంవత్సరమూ, శిక్షణలేని సజ్జనుని వల్ల పోయిన సంవత్సరమూ ఒకటే. నెలకొకరు చొప్పున మారే సేవకుల వద్ద ప్రతి నెలా తన పేరును, రంగుల పేర్లను, అంకెలను మొదటి నుండి నేర్చుకొంటున్న పిల్లవాడు ఏడాది గడిచినా అక్కడే ఉంటాడు. వారి సదుద్దేశం అతని లెక్కలోనికి రాదు.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. లోకంలో పేదవారు ఇంగ్లీషును కోరుతున్నారు, అది వారికి ఉపాధి ద్వారం, భాషాభిమానం పేరుతో తలుపు మూయడం చదువుకొన్నవారి స్వార్థమని ఈ పక్షం వాదన. దీనిని తోసిపుచ్చడానికి వీలులేదు. వెంకమ్మ కోరిక న్యాయమైనదని అంగీకరించిన తర్వాత ఆమెకు ఇంగ్లీషు వద్దని చెప్పే అధికారం ఎవరికీ లేదు. కాగా, న్యాయమైన కోరికకు నాసిరకం సరుకు ఇవ్వరాదన్నదే ఇక్కడి అభ్యర్థన. ధనికుల పిల్లలకు బోధించేవారి నుండి పట్టాలు, అనుభవం, జవాబుదారీతనం అడిగే సమాజం, పేదల పిల్లలకు నేర్పేవాని నుండి ఉత్సాహాన్ని మాత్రమే అడుగుతున్నది. ఉచితమన్న మాట ఈ తేడాను కప్పివేస్తున్నది. గిరీశం అగ్రహారంలో చెల్లుబాటైనది ఈ మాట చాటుననే.

అందుచేత స్వచ్ఛంద బోధకులను పంపేవారూ, అనుమతించేవారూ, బయలుదేరేవారూ దరఖాస్తులో ఉండవలసిన కొన్ని ప్రశ్నలను ఆలోచించాలి. చేరబోయే దేశపు భాషలో కనీసం ఇంటి మాటలు నేర్వడానికి ప్రయాణానికి ముందు ఎన్ని నెలలు వెచ్చించారు? ఆ బడిలో ఇప్పటికే ఉన్న ఉపాధ్యాయుడెవరు, అతనికి ఈ రాక వల్ల బలం చేకూరుతుందా, లేక అతని పీరియడు పోతుందా? తిరిగివచ్చే నాటికి అక్కడ మిగిలేది ఒక వాచకమా, ఒక శిక్షితుడా, లేక కొన్ని ఛాయాచిత్రాలా? ఈ ప్రశ్నలకు ఇచ్చే సమాధానాలు ఇంగ్లీషు ఉచ్చారణకంటె బోధకుని యోగ్యతను మెరుగుగా తెలుపుతాయి.

నందిని యువతికి ఈ ప్రశ్నలు భయం కలిగించనక్కరలేదు. నాలుగు భాషల నడుమ పెరిగిన ఆమెకు మరొక భాషను గౌరవించడం కొత్త విద్య కాదు. అయితే ప్రయాణ సన్నాహంలో ఆమె చేయవలసిన పని ఒకటి మిగిలి ఉండవచ్చు. తల్లి మాటలాడే తెలుగును చదవడం, వ్రాయడం ఆమెకు రాకపోతే, ముందు ఆ అక్షరాలు దిద్దాలి. పెద్దవయసులో కొత్త లిపి ముందు కూర్చొన్నవారి చేతివణుకు ఎటువంటిదో ఆమెకు అప్పుడు తెలుస్తుంది. పరదేశంలో తన ఎదుట రోమన్ లిపితో కుస్తీ పట్టే పిల్లవాణ్ణి అర్థం చేసికొనడానికి అంతకు మించిన శిక్షణ వేరొకటి ఉండదు.

నందిని నుండి భిలాయికి పోయిన సున్నపురాయి ఉక్కుగా మారదు. కొలిమిలో ఇనుపరాయితో కలిసి, అందులోని మలినాన్ని తనలో కలుపుకొని, లోహమలంగా పైకి తేలి, వేరుపడి పోతుంది. కింద ఇనుము నిలుస్తుంది. కొలిమికి ఎంత రాయి కావాలో, ఏ జాతి రాయి కావాలో ముందే నిర్ణయించి పంపుతారు. లారీలో ఉన్నది కదా అని ఏ రాయినీ కొలిమిలో వేయరు. పరదేశపు బడికి మనిషిని పంపేటప్పుడు కనీసం అంతపాటి శ్రద్ధను ఆ బడి పిల్లలు కోరడంలో అత్యాశ ఏమీ లేదు.